నీళ్ళు ఏ పూట వస్తాయండీ?

జూన్ 4, బుధవారం

పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మీ మిట్టమీద ఒక ఇల్లు చూడాలి" అన్నాడు. ఎవరికి అని అడిగాను. "నాకే" అన్నాడు. నేను నవ్వాను. అటునుంచి నవ్వు రాలేదు. అప్పటికి గానీ తెలియలేదు నాకు, వేళాకోళం కాదని.

తోడబుట్టినవాడినైనా ఇన్నిసార్లు తమ్ముడూ అని పిలిచి ఉండను. మిట్టమీది అద్దె ఇళ్ళు నేను చూపిస్తాను, పల్లంలోవి తను చూపిస్తాడు. పద్దెనిమిదేళ్ళుగా ఒకరి బేరాలు ఒకరికి పంపుకుంటున్నాం. ఒక్కసారి కూడా మాట తేడా రాలేదు.

మరదలికి డయాలసిస్ వారానికి మూడుసార్లు. మంగళ, గురు, శని. ఆస్పత్రేమో మిట్టమీద ఉంది. రెండు బస్సులు మారి రావాలి, తిరుగుప్రయాణంలో వాంతులు. "ఇలా ఎక్కి దిగలేక మనిషి సగమైపోయింది అక్కా. పెద్ద ఇల్లు వద్దు, ఒక గది, వంటిల్లు చాలు. నడిచిపోయేంత దూరంలో ఉండాలి, అంతే" అన్నాడు. చల్లకొచ్చి ముంత దాచే రకం కాదు వాడు. ఉన్నది ఉన్నట్టు అడిగాడు.

చూస్తానన్నాను. చూస్తాను.

మా పైవాటా జనవరి నుంచి ఖాళీగా ఉంది. దానికి ముందు రంగులు వేయించాలి. గోడకి చెమ్మ కూడా ఉంది.

జూన్ 5, గురువారం

నిద్ర సరిగా పట్టలేదు. నాకు నేనే ఒక మాట రాసిపెట్టుకోవాలి. ఈ పద్దెనిమిదేళ్ళలో నేనెవరినీ కాదనలేదు. పల్లం వాళ్ళకి ఇల్లు లేదు అన్న మాట ఈ నోట రాలేదు. ఎవరెక్కడ సుఖంగా ఉంటారో అక్కడికి చేర్చాను. పెళ్ళిసంబంధాలు చూసేవాళ్ళు చేసేదీ అదే కదా.

ఎక్కణ్ణుంచి వచ్చారని అడగడం నాకు ఇష్టముండదు, మర్యాద కాదు. అందుకే నీళ్ళ సంగతి అడుగుతాను. పంపు నీళ్ళు మిట్టకి పొద్దున, పల్లానికి సాయంత్రం వదులుతారు. ఇల్లు కావాలని వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "ఇప్పుడున్నచోట మీకు నీళ్ళు ఏ పూట వస్తాయండీ?" అంటాను. "పొద్దున" అంటే తాళాల గుత్తి తీస్తాను. "సాయంత్రం" అంటే ఫోన్ తీస్తాను. "తమ్ముడూ, నీవాళ్ళు వచ్చారు."

ఆ ప్రశ్న మొదట తట్టింది వాడికే. ఆ రోజు ఇద్దరం టీ కొట్టు దగ్గర కడుపు పట్టుకుని నవ్వుకున్నాం.

జూన్ 9, సోమవారం

మా వీధి కళ్ళజోడావిడ ఇల్లు చూపించడానికి తమ్ముణ్ణి తీసుకెళ్ళాను. కిందివాటా, ఆస్పత్రికి పది నిమిషాలు. దారిలో చెప్పాను, నీళ్ళ సంగతి అడిగితే పొద్దున అని చెప్పు అని. వాడు చెప్పుల కింద దుమ్ము దులుపుకున్నాడు.

ఆవిడ బాగానే మాట్లాడింది. వంటింట్లో అరలు చూపించింది. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ "మీకిప్పుడు నీళ్ళు ఏ పూట వస్తాయి బాబూ?" అంది. నేను నేర్పిన ప్రశ్నే. పోయినేడు ఒక బేరం తప్పిపోయినప్పుడు నేనే చెప్పాను, ఇలా అడగండి, మాట పడకుండా పని అవుతుంది అని.

"సాయంత్రం అండీ" అన్నాడు వాడు. ఇంకో ముక్క చేర్చలేదు.

"అలాగా. మా అక్క కొడుకు వస్తానంటున్నాడు. ఒకసారి కనుక్కుని చెబుతానే" అంది నాతో.

వాలు దిగుతుంటే వాడు అన్నాడు, "ఆ అక్క కొడుకు మనవాడే కదక్కా. మనం పుట్టించినవాడే. పాపం ఎన్ని ఇళ్ళల్లో ఉంటున్నాడో, అద్దెలెలా కడుతున్నాడో." నాకు నవ్వొచ్చింది. నవ్వాక వాడి మొహం చూడలేకపోయాను.

జూన్ 12, గురువారం

మూడు ఇళ్ళు. మూడూ నిన్ననే ఎవరికో ఇచ్చేశారట.

జూన్ 15, ఆదివారం

మరదలిని చూడ్డానికి పల్లం వెళ్ళాను. వాళ్ళింటికి వెళ్ళడం ఇది నాలుగోసారి. వాడు మా ఇంటికి నాలుగు వందలసార్లు వచ్చి ఉంటాడు. ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానో తెలియదు.

మనిషి తగ్గిపోయింది. చేతి మీద సూదులు గుచ్చే చోట నరం తాడులా ఉబ్బి ఉంది. అది కొంగుతో కప్పుకుంటూ నాకు పళ్ళు కోసి పెట్టింది. నేను అక్కడ కూర్చున్న గంటలో ఐదుగురు తొంగిచూశారు. ఒకావిడ గిన్నెలు కడిగి బోర్లించి వెళ్ళింది, అడక్కుండానే.

"మీ తమ్ముడు నన్ను అడక్కుండా ఇళ్ళు వెతుకుతున్నారు వదినా" అంది. "నాకు అక్కడికి రావాలని లేదు. ఇక్కడ కళ్ళు తిరిగి పడితే నేల తగిలేలోపు నలుగురు పట్టుకుంటారు. మీ మిట్టమీద మధ్యాహ్నం పూట తలుపు తెరిచి ఉన్న ఇల్లు ఒక్కటైనా కనిపిస్తుందా?"

ఏం చెప్పను? కనిపించదు.

"కానీ ఆ బస్సు... మొన్న దిగేటప్పుడు కాలు నిలవలేదు. కండక్టరు నేను తాగానేమో అనుకున్నాడు." నవ్వుతూనే చెప్పింది.

తమ్ముడు గుమ్మంలో నిలబడి విన్నాడు. బస్టాపు దాకా నాతో వచ్చాడు. "నేనూ తక్కువ చేయలేదక్కా" అన్నాడు. "ఆరేళ్ళ కిందట మీ వైపు నుంచి ఒక టీచరమ్మ, ఆవిడ మొగుడూ వచ్చారు, మా పక్కిల్లు కావాలని. అద్దె తక్కువ, బడి దగ్గర అని. మీకిక్కడ పడదండీ, గోల ఎక్కువ అని చెప్పి నీ దగ్గరికే పంపించా. వాళ్ళు గోల గురించి అడగనే లేదు. ఉండుంటే ఉండేవాళ్ళేమో."

బస్సు వచ్చింది. పైవాటా మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. గోడ చెమ్మ గుర్తొచ్చింది.

జూన్ 16, సోమవారం

పైవాటాకి మెట్లు పదిహేడు. ఎక్కుతూ లెక్కపెట్టాను. జబ్బుమనిషికి కష్టం. అదీ చూసుకోవాలి కదా.

మా ఆయనతో అన్నాను. స్విచ్‌బోర్డులు అమ్మే కొట్లో ముప్ఫయ్యేళ్ళుగా గుమాస్తా ఆయన, రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. పేపర్లోంచి తలెత్తకుండా "పల్లం నుంచి మిట్టకి ఎక్కొచ్చే మనిషి పదిహేడు మెట్లు ఎక్కలేదా?" అన్నారు. ఆ తర్వాత రోజంతా మాట్లాడలేదు. కోటా అయిపోయినట్టుంది.

ఆయనకేం, కొట్లో కూర్చుంటారు. ఈ వీధివాళ్ళు నాకు తాళాలిచ్చి నమ్మితేనే నా పని నడుస్తుంది. నా ఇంట్లోనే నేను పల్లం వాళ్ళని పెట్టుకుంటే రేపు వాళ్ళిళ్ళలో ఎవరిని పెడతానోనని భయపడరా? ఒక్కరు తాళం వెనక్కి తీసుకుంటే మిగతావాళ్ళూ తీసుకుంటారు.

ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. నేనే అనుకుంటున్నాను.

జూన్ 22, ఆదివారం

ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు గేటు దగ్గర ఆపారు. "పల్లం ఆయన్ని వెంటేసుకుని ఇళ్ళు చూపిస్తున్నారట?"

అవునన్నాను. భార్యకి జబ్బు అని చెప్పాను.

"పాపం. నాకేం అభ్యంతరం లేదమ్మా. మనిషన్నాక ఎక్కడో అక్కడ ఉండాలిగా. రేపు నేను ఇల్లు అమ్ముకోవాలంటే, కొనేవాడికి ఉంటుంది గానీ."

ఆ కొనేవాడెవరో ఇంకా పుట్టాడో లేదో. అయినా వాడి అభ్యంతరం ఇప్పుడే వచ్చి గేటు దగ్గర నిలబడింది.

తలూపి లోపలికొచ్చాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను కాసేపు.

జూన్ 29, ఆదివారం

ఇవాళ ఒక పిచ్చిపని చేశాను. అద్దె ఇళ్ళ సంగతి కనుక్కునే వంకతో వీధిలో ఇంటింటికీ వెళ్ళాను. "ఒకవేళ పల్లం నుంచి మంచివాళ్ళు వస్తే?" అని అడిగాను, ఊరికే అడిగినట్టు.

బ్యాంకాయన: "మాకేం పర్లేదు. మేడమీదావిడే పట్టింపు మనిషి." మేడమీదావిడ: "అయ్యో, నాకేంటి? డాక్టరు గారికి నచ్చదేమో." డాక్టరు గారు: "ఐ డోంట్ మైండ్. మా నాన్నగారి కాలం వాళ్ళు ఉన్నారు కదా వీధిలో, వాళ్ళకి కష్టం." ఆ కాలం మనిషి ఉన్నది ఒక్కరే, కుట్టుమిషను పెద్దావిడ. ఎనభై దాటాయి. ఆవిడ దగ్గరికీ వెళ్ళాను.

సూదిలో దారం ఎక్కించిపెట్టమని నా చేతికిచ్చింది. "నాకెందుకమ్మా అభ్యంతరం? ఎవరొస్తే వాళ్ళ జాకెట్లు కుట్టేదాన్నే కదా" అంది. "నువ్వు ఒప్పుకోవనుకున్నాం. అందరం అదే అనుకున్నాం. ఈ వీధికి ఎవరు రావాలో చూసిపెట్టేది నువ్వే కదా మరి."

దారం ఎక్కలేదు. మూడుసార్లు ప్రయత్నించి ఆవిడకే ఇచ్చేశాను. ఆవిడ ఒక్కసారికే ఎక్కించింది.

ఇంటికొచ్చి అన్నం వడ్డించుకుని తినకుండా లేచాను. వాళ్ళంతా అబద్ధమాడి ఉండొచ్చు. ఆడి ఉంటారు కూడా. కానీ ఎవరూ కాదనకపోతే, పద్దెనిమిదేళ్ళుగా కాదన్నది ఎవరు? నాకు సిగ్గేసింది. ఇంకోలా ఎలా రాయాలో తెలియడం లేదు.

జూలై 3, గురువారం

రంగులు వేయించేశాను. చెమ్మ చూడ్డానికి వచ్చినవాడు గోడ తట్టి "చెమ్మ ఎక్కడుందమ్మా?" అన్నాడు.

పైవాటా తమ్ముడికే. ఫోన్‌లో చెప్పాను. వాడు "అక్కా" అన్నాడు. అంతే. ఆదివారం ఇద్దరూ చూడ్డానికి వస్తారు. మనసు తేలికపడింది. ఇవాళ పాట పాడుకుంటూ వంట చేశానని మా ఆయన గమనించారు. ఏమీ అనలేదు గానీ రెండోసారి పెట్టించుకు తిన్నారు.

వీధి సంగతి కూడా చక్కబెట్టేశాను. హెడ్మాస్టరు గారికి, కళ్ళజోడావిడకి ఒకే మాట చెప్పాను. వచ్చేది మా పినతల్లి కొడుకు, అసలు వేరే ఊరివాడు, పని మీద పల్లంలో ఉంటున్నాడంతే అని. "అదా సంగతి, ముందే చెప్పొద్దూ!" అన్నారు ఇద్దరూ. కళ్ళజోడావిడ మంచం అక్కర్లేనిది ఒకటుంది, పంపిస్తానంది కూడా.

పామూ చావలేదు, కర్రా విరగలేదు. పద్దెనిమిదేళ్ళ అనుభవం ఊరికే పోతుందా?

జూలై 6, ఆదివారం

వచ్చారు. మరదలు మధ్యలో ఒకసారి ఆగి, పదిహేడు మెట్లూ ఎక్కింది. గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. కిటికీలోంచి ఆస్పత్రి కనిపిస్తే "ఇంత దగ్గరా!" అంది.

అప్పుడు చెప్పాను. చెప్పేటప్పుడు మంచి కబురు చెబుతున్నట్టే చెప్పాను. ఎవరైనా అడిగితే మీరు మా పినతల్లి కొడుకూ కోడలూ, అంతే, ఇంకేం చెప్పక్కర్లేదు, నేను చూసుకుంటాను అని.

తమ్ముడు కిటికీ రెక్క మూశాడు. నెమ్మదిగానే మూశాడు.

"పద్దెనిమిదేళ్ళు ఊరికే అక్కా అని పిలిచాను" అన్నాడు. "అది చాలదన్నమాట. రక్తం కలిస్తేగానీ ఇల్లు దొరకదు."

"అది కాదురా, వీధివాళ్ళ కోసం..."

"మా అమ్మ పల్లంలోనే పుట్టింది, అక్కడే పోయింది. నాకు ఇంకో అమ్మని తెచ్చిపెట్టావు. ఆవిడ పేరేంటో కూడా చెప్పు, ఎవరైనా అడిగితే తడుముకోకుండా ఉంటాను."

మరదలు నావైపు చూడలేదు. కోపంగా చూసినా బాగుండేది. కొంగు సర్దుకుని మెట్లవైపు నడిచింది. దిగేటప్పుడు వాడు ముందు దిగుతూ ఒక్కో మెట్టుకీ చెయ్యి అందించాడు. గేటు దగ్గర నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

హెడ్మాస్టరు గారు ఎదురుగా నిలబడి "మీ అక్కగారింట్లో బాగుందా బాబూ?" అని పలకరించారు. వాడు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

జూలై 8, మంగళవారం

ఫోన్ రాలేదు.

జూలై 11, శుక్రవారం

ఫోన్ రాలేదు. నేనూ చేయలేదు. నేను చేసింది మేలే కదా, కీడు కాదు కదా.

జూలై 12, శనివారం

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. ఉండనిచ్చాను.

జూలై 17, గురువారం

ఇల్లు కావాలని ఒకావిడ వచ్చింది. ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పని. మంచినీళ్ళిచ్చాను, అలవాటుగా ప్రశ్న అడిగేశాను. "సాయంత్రం" అంది. అలవాటుగానే ఫోన్ తీశాను. వాడి నంబరు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ నీళ్ళు తాగి, గ్లాసు బల్లమీద పెట్టి, నావైపే చూస్తోంది.

చివరికి తాళాల గుత్తి తీసుకుని లేచాను. రెండిళ్ళు చూపించాను. రెండుచోట్లా అక్క కొడుకు వస్తున్నాడు. ఆవిడ వెళ్తూ వెళ్తూ "తిప్పినందుకు థాంక్సండీ" అంది.

జూలై 29, మంగళవారం

పై గదిలో కిటికీ దగ్గర కూర్చుంటే ఆస్పత్రి గేటు కనిపిస్తుంది. పదకొండింటికి వాళ్ళిద్దరూ బయటికొచ్చారు. మరదలు గోడ పట్టుకుని నిలబడింది. బస్సు ఇరవై నిమిషాలకి గానీ రాలేదు. నేను దిగి వెళ్ళలేదు. వెళ్ళి ఏమని చెప్పను?

సాయంత్రం మా ఆయన అడిగారు, "పైన రోజంతా ఏం చేస్తున్నావు?" రంగు సరిగా ఆరిందో లేదో చూస్తున్నానన్నాను. "ఆరి నెలయింది" అన్నారు. "ఫోన్ చేసి చెప్పే మాట కాకపోతే వెళ్ళి చెప్పు." ఇవాళ్టికి ఆయన పది మాటలూ నాకే ఖర్చుపెట్టారు.

ఆగస్టు 2, శనివారం

తెల్లవారగానే పల్లం వెళ్ళి వాళ్ళ బస్టాపులో నిలబడ్డాను. ఇద్దరూ వచ్చారు. వాడు నన్ను చూసి ఆగాడు. నేను "ఇవాళ నేను తీసుకెళ్తాను" అన్నాను. వాడు మరదలి మొహం చూశాడు. ఆవిడ తలూపింది. సంచీ నా చేతికిచ్చి, "దుప్పటి పైన ఉంది. వాంతికి కవర్లు లోపలి జేబులో" అన్నాడు. అక్కా అనలేదు.

మొదటి బస్సులో నిలబడే వచ్చాం. రెండో బస్సులో సీటు దొరికింది. బస్సు కదలగానే ఆవిడ తల నా భుజం మీదికి వాలింది. ఎంత తేలికగా ఉందో! నాకు ఏడుపొచ్చింది, కిటికీవైపు తిరిగి తుడుచుకున్నాను.

బజారు స్టాపులో హెడ్మాస్టరు గారు కూరగాయల సంచీతో ఎక్కారు. కూరగాయలకి ఆయన పల్లమే వస్తారు, చవక అని. మా ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగారు. బస్సులో సగం మంది మా వీధి స్టాపులో దిగేవాళ్ళే. కళ్ళజోడావిడ పనిమనిషి కూడా ఉంది.

"ఈవిడేనా మీ పినతల్లి కోడలు?"

అవునంటే మూడక్షరాల పని.

"కాదండీ. నాకు పినతల్లి కొడుకులెవరూ లేరు. నేను మీకు అబద్ధం చెప్పాను" అన్నాను. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "వీళ్ళు పల్లం వాళ్ళే. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. ఈవిడ మొగుడూ నేనూ కలిసి పనిచేస్తాం. మా పైవాటా వీళ్ళకిస్తున్నాను."

మరదలు కళ్ళు తెరవకుండానే అంది, "నేనింకా ఒప్పుకోలేదండీ. మీ వీధి ఎలాంటిదో చూసుకోవాలి కదా."

ఎవరో నవ్వారు. హెడ్మాస్టరు గారు ముందుకు తిరిగి కూర్చున్నారు. మా స్టాపులో దిగేటప్పుడు నాతో మాట్లాడలేదు.

ఆగస్టు 4, సోమవారం

పొద్దున కళ్ళజోడావిడ వచ్చి తన తాళం అడిగి తీసుకుంది. మేడమీదావిడ సాయంత్రం మనిషిని పంపింది, తాళం కోసమే. గుత్తి తేలికైంది. భయంగానే ఉంది, లేదని ఎందుకు రాయాలి? వచ్చే నెల ఎలా గడుస్తుందో తెలియదు.

కుట్టుమిషను పెద్దావిడ మాత్రం పిలిచి, తన వెనకవాటా తాళం నా చేతిలో పెట్టింది. ప్రెస్సులో పనిచేసే ఆవిడకి కబురు పంపాను.

ఆగస్టు 5, మంగళవారం

డయాలసిస్ అయ్యాక మరదలు ఒక్కతే మా గేటు తీసుకుని వచ్చింది. తమ్ముడు అటు రోడ్డు మీదే ఆగిపోయాడు. లోపలికి రమ్మనలేదు నేను, పిలిస్తే ఏమంటాడోనని. "తాళం ఇవ్వండి వదినా, మీరు రావద్దు, నేను చూసుకుంటా" అంది.

ఇచ్చాను. కింద మెట్ల దగ్గర నిలబడ్డాను. రెండుసార్లు ఆగింది. తలుపు తీసిన చప్పుడైంది. అడుగులు వంటింట్లోకి వెళ్ళాయి, వెనక్కి వచ్చాయి. కొళాయి తిప్పి కట్టేసింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. హెడ్మాస్టరు గారి ఇంటి తలుపు తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. రోడ్డు మీద తమ్ముడు నావైపు చూశాడు, నేను వాడివైపు చూశాను.

అప్పుడు పైనుంచి మరదలి గొంతు వినిపించింది. "వదినా, పడుకునే గదిలోకి గాలి ఎటునుంచి వస్తుంది? మంచం ఎటువైపు వేసుకోవాలి?"

ఇల్లు చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగేదే. కొన్ని వందలసార్లు జవాబు చెప్పి ఉంటాను. ఇవాళ మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయాను.

నా బదులు రోడ్డు మీదనుంచి తమ్ముడు అరిచాడు. "అక్కని పైకి పిలిచి అడగవే. కిందనుంచి ఎలా చెబుతుంది?"

మెట్లు ఎక్కాను.